టైమ్‌షేర్ ఫీజు కార్డుతో కడుతున్నారా? ముందు బిల్లు సంగతి చూడండి

టైమ్‌షేర్ అంటే రిసార్టులోని ఒక యూనిట్‌ను ఏటా నిర్ణీత వారం వాడుకునే హక్కు కొనుక్కోవడం. దాని నిర్వహణకు ఏటా విదేశీ రిసార్టుకు మెయింటెనెన్స్ ఫీజు కట్టేటప్పుడు అందరి భయమూ కార్డు నంబరు గురించే. కానీ డబ్బు ఎక్కువగా పోయేది దొంగ బిల్లు వల్ల.

బిల్లులో మీ పేరు, మెంబరు నంబరు, యూనిట్, వారం అన్నీ సరిగ్గా ఉన్నంత మాత్రాన అది రిసార్టు పంపిందని నమ్మడానికి లేదు. మెక్సికోలో ఓనర్ల వివరాలు రిసార్టుల లోపలి మనుషుల ద్వారానే మోసగాళ్ల చేతికి వెళ్లాయి. అక్కడి పర్యాటక నగరం ప్వేర్తో వయార్తాలో ఇలాంటి టైమ్‌షేర్ మోసాలతో ముడిపడిన, హలిస్కో కార్టెల్ అనే మాదకద్రవ్యాల ముఠాకు సంబంధించిన కంపెనీలపై 2023లో అమెరికా ట్రెజరీ శాఖ ఆంక్షలు పెట్టింది. కాబట్టి మెయిల్లో వచ్చిన లింకు జోలికి పోవద్దు. కాంట్రాక్టులో ఉన్న వెబ్‌సైట్ అడ్రసు చేత్తో టైప్ చేసి లాగిన్ అవ్వండి. అక్కడ కనిపించే బాకీ, బిల్లులోని మొత్తం అణా పైసలతో సహా కలవాలి. కలవకపోతే పాత బాకీ మీద వడ్డీయో, ఆలస్య రుసుమో, స్పెషల్ అసెస్‌మెంటో అయి ఉండొచ్చు. ఈ చివరిది లిఫ్టు, పైకప్పు లాంటి పెద్ద మరమ్మతులకు ఓనర్లందరి దగ్గరా విడిగా వసూలు చేసేది. దానికి ఆధారంగా, ఆ వసూలును ఆమోదించిన తీర్మానం కాపీ అడగండి. "కార్డు మెషీన్ పనిచేయడం లేదు, ఈసారికి బ్యాంకు ఖాతాకు పంపండి" అన్నారంటే అక్కడే ఆగిపోండి. ఖాతాకు వెళ్లిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం.

కొన్ని రిసార్టులు ఇప్పటికీ పీడీఎఫ్ ఫారంలో కార్డు నంబరు, సీవీవీ రాసి మెయిల్ చేయమంటాయి. ఇది శుద్ధ అజాగ్రత్త. కార్డు వివరాల భద్రతకు వ్యాపారులు పాటించాల్సిన పీసీఐ డీఎస్ఎస్ ప్రమాణం ప్రకారం లావాదేవీ ఆమోదం పొందాక సీవీవీని దాచడానికే వీల్లేదు. మెయిల్లో వెళ్లింది మాత్రం ఎవరి ఇన్‌బాక్స్‌లోనో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. లాగిన్ పేజీలోనే కడతామని చెప్పండి.

కట్టేముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి, పరిమితిని బిల్లు కంటే కొంచెం ఎక్కువగా పెట్టండి. పని కాగానే ఆఫ్ చేసేయండి. ఒకసారి ఫెయిలైతే వెంటనే మళ్లీ నొక్కకండి. రిసార్టు వైపు ఫెయిల్ అని చూపినా, బ్యాంకు వైపు ఆ మొత్తం హోల్డ్‌లో ఉండిపోవచ్చు. రెండోసారి నొక్కితే లిమిట్ అయిపోయి నిజంగానే తిరస్కరిస్తారు. అందుకే గడువుకు వారం ముందే కట్టండి.

అసలు చేతి చమురు వదిలేది చివరి స్క్రీన్‌లో. 800 యూరోల బిల్లు ఉందనుకోండి. "మీ సొంత కరెన్సీలో చెల్లిస్తారా?" అని ఒక గడి ముందే టిక్ పెట్టి ఉంటుంది. అది డైనమిక్ కరెన్సీ కన్వర్షన్. మారకం రేటు అవతలివాళ్లది, లాభమూ వాళ్లదే. అందులో 5 శాతం మార్కప్ ఉంటే 40 యూరోలు ఊరికే పోయినట్టు. పైగా వ్యాపారి విదేశంలో ఉన్నాడని బ్యాంకు తన ఫీజు తాను వేసే అవకాశం కూడా ఉంది. టిక్ తీసేసి బిల్లు కరెన్సీలోనే కట్టండి. అప్పుడు కూడా మారకం రేటు తుది పోస్టింగ్ నాటిది, అంటే లావాదేవీ మీ కార్డు ఖాతాలో ఖరారుగా నమోదైన రోజుది కావచ్చు, కాబట్టి స్టేట్‌మెంట్‌లో కాస్త తేడా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

రెండుసార్లు పడినా, తెలియని మొత్తం పడినా ముందు రిసార్టుకు రాతపూర్వకంగా చెప్పి, స్పందించకపోతే బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో చాలా రకాల వివాదాలకు గడువు 120 రోజులు. మీ బ్యాంకు అంతకంటే తక్కువ పెట్టి ఉండొచ్చు. అయితే "ఈ ఏడు మేం వెళ్లలేదు" అంటూ చార్జ్‌బ్యాక్ (బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి) అడిగితే నెగ్గదు. ఫీజు యూనిట్ నిర్వహణకు, బసకు కాదు. పైగా రిసార్టులోని మీ ఖాతాలో బాకీ తేలి బుకింగ్ ఆగిపోతుంది.

చెల్లించాక కార్డు స్లిప్పుతో సరిపెట్టుకోకుండా, లాగిన్ అయి బాకీ సున్నా అని చూపే పేజీని తేదీతో సహా దాచండి. "కార్డు సేవ్ చేయి" గడిలో టిక్ ఉందేమో కూడా చూసుకోండి. అది అలాగే ఉంటే వచ్చే ఏడాది పెరిగిన ఫీజు మిమ్మల్ని అడక్కుండానే కోసుకునే వీలుంటుంది.