పెట్రోల్ బండి, పదకొండు వేల అడుగులు

శుక్రవారం రాత్రి, డిల్లన్ జలాశయం ఒడ్డు, కొలరాడో

చక్రాల మీది ఇల్లులాంటి మా ట్రైలర్‌ను పికప్ ట్రక్కుకు తగిలించడానికి పొద్దున ముప్పావుగంట పట్టింది. అందులో సగం మామయ్యగారి ప్రశ్నలకే సరిపోయింది. ఆయన సాలూరులో లారీలు బాగుచేస్తూ జీవితం గడిపిన మనిషి. ఆ ఊళ్లో సొంత ఇల్లు లేనివాళ్లు ఉంటారేమో గాని, లారీ సంగతి తెలియనివాళ్లు ఉండరు. అలాంటాయన పక్కన నిలబడి చూస్తుండగా 26 అడుగుల ట్రైలర్‌ను ట్రక్కుకు కట్టడమంటే, లెక్కల మాస్టారు వెనక నిలబడి ఉండగా పరీక్ష రాస్తున్నట్టే ఉంది.

ట్రక్కును వెనక్కి నడిపి, దాని వెనక ఉండే తగిలింపు కడ్డీ (హిచ్) మీది ఉక్కు బంతిని ట్రైలర్ ముక్కు కిందికి తేవాలి. జాక్ దింపితే ముక్కు బంతి మీద కూర్చుంటుంది, గొళ్లెం పడుతుంది. పడిందని అనుకుని వదిలేయకూడదు. జాక్‌ను మళ్లీ పైకి తిప్పాను. ట్రైలర్‌తో పాటు ట్రక్కు వెనక భాగం కూడా లేచింది, అంటే పట్టు దొరికినట్టే. తర్వాత రెండు గొలుసులు, ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా. ముక్కు జారినా రోడ్డుకు తగలకుండా ఆ గొలుసుల ఉయ్యాల్లో పడుతుంది. ఆ పక్కన సన్నటి తీగ ఒకటి ఉంటుంది. ట్రైలర్ పూర్తిగా విడిపోతే ఆ తీగ ఒక పిన్నును లాగేస్తుంది, అప్పుడు ట్రైలర్ తన సొంత బ్యాటరీతో తానే బ్రేకులు వేసుకుంటుంది. మామయ్యగారు వంగి ఆ తీగను వేళ్లతో పట్టుకుని చూశారు. "ఇది బాగుంది అల్లుడుగారూ" అన్నారు. పొద్దుటి నుంచి ఆయన నోట వచ్చిన మొదటి మెచ్చుకోలు అదే.

మిగతాదంతా ఆయనకు అనుమానమే. అన్నిటికంటే పెద్ద అనుమానం పెట్రోల్ మీద. ఇంత బరువును పెట్రోల్ ఇంజిన్ లాగడమేమిటి, అది కార్లకూ స్కూటర్లకూ కదా అని. బానెట్ ఎత్తి చూపించాను. ఫోర్డ్ 2020లో తెచ్చిన 7.3 లీటర్ల వి8, అంటే ఎనిమిది సిలిండర్లది. పోత ఇనుము బ్లాకు, వాల్వులను కదిపే పుష్‌రాడ్లు, గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో లేదు. 430 హార్స్‌పవర్. ఆయన కాసేపు చూసి "పాతకాలపు పద్ధతే" అన్నారు. అది పొగడ్త అని నాకు కాస్త ఆలస్యంగా తట్టింది.

బయలుదేరే ముందు డ్రైవర్ తలుపు పక్కనున్న పసుపు స్టిక్కర్ కూడా చూపించాను. మనుషులు, సామాను, ట్రైలర్ ముక్కు మోపే బరువు, అన్నీ కలిపి ట్రక్కు మీద ఎంత పడవచ్చో అందులో ఉంటుంది. మాది 3,100 పౌండ్లు. ట్రైలర్ నీళ్లతో, సామానుతో దాదాపు 7,000. అందులో పది నుంచి పదిహేను శాతం ముక్కు మీద ఉండాలి, మాకు 900 దాకా వస్తుంది. అంతకంటే బాగా తగ్గితే గాలికో పక్కన పోయే లారీకో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ట్రక్కుల ప్రకటనలన్నీ లాగే బరువు గురించే గొంతు చించుకుంటాయి. చిన్న ట్రక్కులు ముందు చేతులెత్తేసేది మోసే బరువు దగ్గర, లాగే బరువు దగ్గర కాదు. ఓవర్‌లోడు సంగతి సాలూరు మనిషికి నేను చెప్పాలా? ఆయన ఏమీ అనకుండా నవ్వారు.

డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద పడమరకు వస్తే జార్జ్‌టౌన్ దాకా పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. అక్కడ ఒకసారి ఆగి చక్రాల నట్లు చూసుకున్నాను, టైర్లు కొత్తగా మార్పించినవి కాబట్టి. జార్జ్‌టౌన్ దాటగానే కొండ నిటారుగా లేస్తుంది. పది గేర్ల పెట్టె గబగబా కింది గేర్లకు దిగిపోయింది. ఇంజిన్ నిమిషానికి 4,500 చుట్ల దగ్గర గర్జించడం మొదలుపెట్టింది. మా ఆవిడ సుధ పాటలు ఆపేసింది, వినపడితేగా! వేగం 45 మైళ్లకు పడిపోయింది. ప్రమాద సూచిక లైట్లు వేసుకుని కుడివైపు లారీల వరసలో చేరాను.

"ఏమైనా అయిందా నాయనా?" అని అత్తయ్యగారు వెనక నుంచి కంగారుగా అడిగారు.

మామయ్యగారే జవాబు చెప్పారు. "ఏమీ కాలేదు. పని చేస్తోంది."

పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు మూడు శాతం బలం పోగొట్టుకుంటుంది. ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులకు పైనే ఉంది. అక్కడికి చేరేసరికి మూడోవంతు గుర్రాలు గాలిలో కలిసిపోయినట్టే. మా ట్రైలర్ కంటే పెద్దదాన్ని లాగుతూ ఒక డీజిల్ ట్రక్కు చప్పుడు లేకుండా మమ్మల్ని దాటిపోయింది. దాటనీ. ఆ ఇంజిన్ కావాలంటే కొనేటప్పుడే పదివేల డాలర్ల దాకా అదనం. ఇంజిన్ బరువు వల్ల ఆ పసుపు స్టిక్కర్ మీది అంకె కూడా తగ్గుతుంది. నా ట్రక్కు వారాంతాల్లో అప్పుడప్పుడు ట్రైలర్ లాగి, మిగతా రోజులు కూరగాయలకూ పిల్లల ఆటలకూ తిరుగుతుంది. అలాంటి చిన్న చిన్న ప్రయాణాలు డీజిల్ పొగగొట్టంలోని ఫిల్టర్‌కు పడవు కూడా. 12,000 పౌండ్లు కట్టుకుని ఏడాదంతా ఈ కొండల్లో తిరిగేవాణ్నయితే మారు మాట్లాడకుండా డీజిలే కొనేవాణ్ని.

మేము వెళ్లిన సొరంగం 1973లో తెరిచింది, పక్కనే ఎదురు దిశకున్నది 1979లో. దాటగానే సిల్వర్‌థార్న్ దాకా ఏడు శాతం దిగుడు. ఎక్కడం కన్నా నాకు దిగడమే గుండెదడ. మామయ్యగారు సీట్లో ముందుకు జరిగి "ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి" అన్నారు. ట్రక్కులో ట్రైలర్ లాగడానికి ఒక మీట ఉంది. అది నొక్కి ఉంచితే, బ్రేకు కాస్త తాకగానే గేరు తగ్గి ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. డీజిల్ ట్రక్కుకుండే, పొగను అడ్డగించి బండిని నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకు అంత గట్టి పట్టు కాదు గాని, కొండంతా దిగినా నేను బ్రేకు తొక్కింది తక్కువ. బ్రేకులు పోయిన లారీల కోసం పక్కన గులకరాళ్లు పోసిన ఎత్తుబాట కనిపించింది. అదేమిటో చెప్పాను. "మా రోజుల్లో సుంకి ఘాటీలో ఇలాంటిది ఉండి ఉంటే..." అని ఆగిపోయారు. నేనూ అడగలేదు.

సాయంత్రం పెట్రోల్ పోయించాను. కొలరాడోలో ఎత్తు వల్ల అన్నిటికంటే చవక రకం 85 ఆక్టేన్ (పెట్రోల్ రకాన్ని తెలిపే అంకె). ఫోర్డ్ పుస్తకం 87కు తగ్గవద్దంటుంది కాబట్టి పక్క మీటే నొక్కాను. గ్యాలన్‌కు ఎనిమిదిన్నర మైళ్లు వచ్చింది. మామయ్యగారు దాన్ని లీటర్లలోకి మార్చమన్నారు. లీటరుకు మూడున్నర కిలోమీటర్లు.

"పదహారు టన్నుల లోడుతో మా లారీ కూడా అంతే ఇచ్చేది" అన్నారు, మంచాలూ వంటిల్లూ ఉన్న మా తెల్ల పెట్టె వైపు చూస్తూ. ఈసారి అది పొగడ్త కాదని వెంటనే అర్థమైంది.

ఆదివారం ట్రాఫిక్ మొదలవకముందే బయలుదేరాలి. తిరుగు దారిలో ఆ ఏడు శాతం ఎక్కుడు సిల్వర్‌థార్న్ దాటీ దాటకముందే మొదలవుతుంది, ఇంజిన్ బాగా వేడెక్కాకే కదలాలి. రేపు టైర్లలో గాలి, నట్లు మరోసారి చూడాలి. నట్లు తానే బిగిస్తానని మామయ్యగారు అన్నారు. బిగువు ఎంతో కొలిచే టార్క్ రెంచ్ ఇవ్వబోతే, అక్కర్లేదు, చేతికే తెలుస్తుందన్నారు. ఆయన బిగించి కాఫీకి లోపలికి వెళ్లాక రెంచ్‌తో ఒకసారి చూసుకోవాలి.