మూరెడు లోతు ఇసుకలో లెక్కలు

ఇంటర్‌లో బైపీసీ తీసుకునేవారిలో చాలామంది డాక్టరు కావాలనుకుంటారు. కొందరు మాత్రం లెక్కల నుంచి పారిపోయి వస్తారు. నేను రెండో రకం. అందుకే హనుమకొండలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతూ, మంచిర్యాల దగ్గర గోదావరి ఒడ్డునున్న శివ్వారం అభయారణ్యం మొసళ్ల మీద ప్రాజెక్టు ఎంచుకున్నప్పుడు, అది కలన గణితం దాకా లాక్కెళుతుందని అనుకోలేదు.

మన మగ్గర్ మొసలికి లింగ క్రోమోజోములు లేవు. పుట్టేది ఆడదో మగదో గుడ్డు పొదిగే వేడి తేలుస్తుంది. స్థిరమైన వేడిలో పొదిగించి చూసిన ప్రయోగాల్లో 28 నుంచి 31 డిగ్రీల వరకు అన్నీ ఆడవే పుట్టాయి. 32.5 దగ్గర అన్నీ మగవే. 33 దగ్గర మళ్లీ రెండూ కలిసి. సముద్ర తాబేళ్ల గురించి చదివినవారు ‘వేడెక్కితే ఆడవే పుడతాయి’ అని మొసళ్లకూ అంటగడుతుంటారు. ఇక్కడ ముందు పెరిగేవి మగవి.

మా వీధిలో ఉండే రిటైరైన లెక్కల సార్ ఈ అంకెలను గ్రాఫు కాగితం మీద పెట్టించారు, అడ్డంగా వేడి, నిలువుగా ఆడవాటి శాతం. తెలుగు అకాడమీ 1బి పుస్తకం తెరిచి, “అవకలనం అంటే వాలు, అంతేనమ్మా. 29 దగ్గర వాలెంత?” అన్నారు. సున్నా. ఒక డిగ్రీ పెరిగినా ఏమీ మారదు. 31 దాటాక గీత నిట్టనిలువుగా పడిపోతుంది, అదే ఒక డిగ్రీ గూడు మొత్తాన్ని తలకిందులు చేస్తుంది. ‘భూమి ఒక డిగ్రీ వేడెక్కింది’ అనే వాక్యం ఏ జంతువుకు ఎంత బరువో, ఆ జంతువు తన గీత మీద ఎక్కడ నిలబడి ఉందో తెలిస్తేనే చెప్పగలం.

అయితే గూడు ఇసుకలో, దాదాపు మూరెడు లోతున ఉంటుంది. పైనున్న ఎండ అక్కడికి ఎంత చేరుతుంది? దీనికి వేడి ఎలా పాకుతుందో చెప్పే, ఫ్రెంచి గణితజ్ఞుడు ఫోరియర్ ఉష్ణ సమీకరణం కావాలి. (వాతావరణం భూమి వేడిని పట్టి ఉంచుతుందని 1824లో చెప్పిందీ ఆయనే.) నాకు నెలల తరబడి కొరుకుడు పడనిది ఇదే. గూళ్ల జోలికి వెళ్లే ఉద్దేశం లేదు కాబట్టి, పక్కన ఇల్లు కడుతున్నవారి ఇసుక కుప్పలో థర్మామీటర్లు గుచ్చాను. మేస్త్రీ నవ్వాడు. పైన మధ్యాహ్నం కాలు పెట్టలేని ఇసుక, జానెడు లోతున రాత్రి ఎనిమిది ప్రాంతంలో అన్నిటికంటే వేడిగా ఉంది! లోతుకు పోయేకొద్దీ వేడి ఆలస్యమవుతుంది, ఊగిసలాట ఘాతీయంగా తగ్గుతుంది. సమీకరణంలోని సైను, ఘాతం రెండూ నా వేలి కొసకు తగిలాక పుస్తకం చదవడం తేలికైంది.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. రోజువారీ ఊగిసలాట ఇసుకలో సుమారు 12 సెంటీమీటర్లకు మూడో వంతుకు పడిపోతుంది. అర మీటరు లోతున పైనున్న 30 డిగ్రీల తేడాలో అర డిగ్రీ కూడా మిగలదు. కానీ ఏడాది పొడవునా సాగే ఊగిసలాటకు ఆ దూరం 365 వర్గమూలమంత, అంటే 19 రెట్లు ఎక్కువ. దానిలో దాదాపు 80 శాతం గుడ్ల దాకా దిగుతుంది. దశాబ్దాల తరబడి నెమ్మదిగా పెరిగే వేడికైతే అడ్డేమీ లేదు. లోతుగా తవ్విన తల్లి మధ్యాహ్నపు ఎండ నుంచి గుడ్లను కాచుకోగలదు గానీ శతాబ్దపు వేడి నుంచి కాచుకోలేదు. ఆ వేడి వేగమూ పెరుగుతోంది. 1960లలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు ఏడాదికి ఒక భాగం కూడా పెరిగేది కాదు, ఇప్పుడు రెండుకు పైగా పెరుగుతోంది. రెండో అవకలనం, అంటే వాలు మారే తీరు, ధనాత్మకం అంటే ఇదే.

మరి తల్లి ముందుగా గుడ్లు పెడితే? మగ్గర్లు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య పెడతాయి. మా ప్రాంతంలో మార్చిలో సగటు వేడి రోజుకు సుమారు 0.1 డిగ్రీ చొప్పున ఎక్కుతుంది. ఒక డిగ్రీని ఆ వాలుతో భాగిస్తే పది రోజులు. అంటే ఒక డిగ్రీ వేడిని తప్పించుకోవాలంటే పది రోజులు ముందుకు జరగాలి.

వైవాలో పరీక్షకులు ఈ అంకె దగ్గరే ఆగారు. “అప్పటికి ఒడ్డు ఆరి ఉంటుందా?” అన్నారు. నా సమీకరణాల్లో నీటిమట్టం లేదని చెప్పాను. అది ఉండాల్సిందేనని ఆయన, ఉంటే ఇంకో ఏడాది పడుతుందని నేను. చివరికి మార్కులు బాగానే వేశారు.