2 ఈఎస్ఐ నంబర్లు, 19 రోజుల డబ్బు: నా అనుభవం

నిన్న షిఫ్ట్ దిగి లాకర్‌లోంచి ఫోన్ తీస్తే బ్యాంకు మెసేజ్ ఉంది. 6,916 రూపాయలు పడ్డాయి. టైఫాయిడ్‌తో నేను మంచం పట్టిన 21 రోజుల్లో 19 రోజులకు ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా, ఇచ్చిన సిక్‌నెస్ బెనిఫిట్ అది. అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చేశాను. ఇంత చిన్న మొత్తానికి అంత ఏడుపేంటని మా ఆయన అన్నాడు. ఆ డబ్బు కోసం నేనెన్ని గుమ్మాలెక్కానో ఆయనకు సగమే తెలుసు.

హైదరాబాద్ శివారులో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ లైన్ మీద పని చేస్తాను. కాంట్రాక్టు పని. 26 రోజులకు 13,520 రూపాయలు. అందులో 0.75 శాతం, అంటే నెలకు 102 రూపాయలు, ఈఎస్ఐకి కోత పడుతుంది. కాంట్రాక్టరు తన వాటా 3.25 శాతం కలిపి కట్టాలి. ఈ లెక్క ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ డబ్బు ఎవరో జాలిపడి పడేసేది కాదు. నెలనెలా నా జీతంలోంచి పోయిందే.

2025 ఫిబ్రవరి 2న జ్వరం వచ్చింది. మర్నాడు కూడా తగ్గకపోతే ఈఎస్ఐ డిస్పెన్సరీకి పోయాను. రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు, మందులిచ్చారు, సర్టిఫికెట్ రాశారు. వారం వారం వెళ్లి పొడిగించుకున్నాను. 23 వరకు రెస్ట్, తర్వాత ఫిట్. ఇక్కడ ఏ ఇబ్బందీ పడలేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, జ్వరం రాగానే కాలనీలో ఆర్‌ఎంపీ దగ్గరికి పరుగెత్తకండి. ఆయన ఇచ్చే చీటీ క్లెయిముకి పనికిరాదు.

సర్టిఫికెట్లు పట్టుకుని బ్రాంచి ఆఫీసుకు వెళ్తే, కౌంటర్‌లో అతను నా నంబరు కొట్టి, “మీకు అర్హత చూపించట్లేదమ్మా” అన్నాడు. నాలుగేళ్లుగా కడుతున్నాను, ఎలా లేదంటారు అని అడిగాను. మానిటర్ నా వైపు తిప్పాడు. చూస్తే నేనే ఇద్దరిని! ఒకచోట ఇంటిపేరుతో సహా నా పేరు, ఒక నంబరు. ఇంకోచోట ఇంటిపేరు లేకుండా, వేరే నంబరు. పుట్టిన తేదీ ఒకటే, తండ్రి పేరు ఒకటే.

జరిగిందేంటంటే, 2024 జూలై 15న మా కంపెనీలో కాంట్రాక్టరు మారాడు. మనుషులం మేమే, మిషన్లు అవే, కాంట్రాక్టరు పేరే వేరు. కొత్తవాళ్లు నా పాత నంబరునే కొనసాగించాలి. అడగనే లేదు, కొత్త మనిషిగా కొత్త నంబరు తీసేశారు.

దానివల్ల ఏమవుతుందో కౌంటర్‌లో అతనే ఓపిగ్గా కాగితం మీద గీసి చెప్పాడు. జనవరి నుంచి జూన్ మధ్యలో జబ్బు పడితే, అంతకుముందు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఎన్ని రోజులకు కట్టారో చూస్తారు. కనీసం 78 రోజులుండాలి. జూలై నుంచి డిసెంబర్ మధ్య జబ్బు పడితే అంతకుముందు అక్టోబర్ నుంచి మార్చి వరకు చూస్తారు. నేను మే నెలంతా చెల్లెలి కాన్పుకని పనిలోకి పోలేదు. పాత నంబరు మీద 63 రోజులే ఉన్నాయి. కొత్త నంబరు మీద 65. కలిపితే 128, హాయిగా సరిపోతాయి. విడివిడిగా చూస్తే దేనికీ 78 లేవు. పైగా కొత్త నంబరంటే కొత్తగా చేరినట్టు లెక్క, చేరిన తొమ్మిది నెలల దాకా బెనిఫిటే మొదలవదట. రెండు నంబర్లూ ఒకే మనిషివని కాంట్రాక్టరు లెటర్ ఇస్తే కలుపుతామన్నాడు.

ఆ లెటర్ కోసం నేను పడ్డ అవమానం పగవాళ్లకు కూడా వద్దు.

ముందు కంపెనీ హెచ్ఆర్ దగ్గరికి వెళ్లాను. నువ్వు మా మనిషివి కాదు, కాంట్రాక్టర్‌నడుగు అంది ఆవిడ. కాంట్రాక్టరు ఆఫీసు ఒక షెడ్డు మేడ మీద. జ్వరం తగ్గి మూడు రోజులే అయింది, మెట్లెక్కుతుంటే కాళ్లు వణికాయి. లోపల రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమని ఎవరూ అనలేదు. సూపర్‌వైజర్ ఫోన్ మాట్లాడుతున్నాడు. తర్వాత టిఫిన్ తిన్నాడు. గంట సేపు గోడకానుకుని నిలబడ్డాను. ఆఖరికి నా కాగితాలు ఇలా తిరగేసి, అక్కడున్న నలుగురు కుర్రాళ్లు వింటుండగా అన్నాడు: “జొరమొచ్చి ఇంట్ల పండుకున్నదానికి గూడ పైసల్గావాల్నా నీకు? రెండు నంబర్లు పెట్టుకొని రెండు దిక్కుల తిందామనుకున్నవా?” వాళ్లు నవ్వారు.

ఆ నంబరు పుట్టించింది వాళ్లు. నేను దొంగనయ్యాను.

నోట మాట రాలేదు. తిరిగొచ్చి రాత్రంతా పడుకోలేదు. రెండోసారి వెళ్తే సార్ లేడన్నారు. మూడోసారి, “ఎక్కువ జేస్తే రేపటి నుంచి రాకు, వేరే మనిషిని పెట్టుకుంటం” అన్నాడు. ఆ మాటతో నా భయం పోయింది. అంతకు రెండు రోజుల ముందే మా వీధిలో ఒక యూనియన్ అన్న దగ్గర కూర్చుని అన్నీ తెలుసుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాను: “అన్నా, ఈఎస్ఐ చట్టం సెక్షన్ 73 ప్రకారం జబ్బుతో రెస్ట్‌లో ఉన్న రోజులకు నన్ను తీసెయ్యడానికి, శిక్ష వెయ్యడానికి లేదు. లెటర్ ఇవ్వనని రాసివ్వు, పోతా.” పదో తరగతి చదివినదాన్ని. అతని మొహం చూడాల్సింది! అరగంటలో లెటర్‌హెడ్ మీద టైపు చేసి, స్టాంపు కొట్టి ఇచ్చాడు. మూడు లైన్ల లెటర్. దానికి 11 రోజులు తిప్పాడు.

ఆ తర్వాత పని సాఫీగా జరిగింది. లెటర్, ఆధార్ జిరాక్స్, రెండు నంబర్లూ ఇచ్చాను. కలిపారు. ఫారం 9 నింపాను. నా రోజు కూలి సగటు 520 రూపాయలు, అందులో 70 శాతం, అంటే రోజుకు 364 చొప్పున 19 రోజులకు లెక్కగట్టారు.

మరి మిగతా రెండు రోజులు? జబ్బు పడిన మొదటి రెండు రోజులకు ఈఎస్ఐ ఇవ్వదు. 15 రోజుల్లోపు జబ్బు తిరగబెడితే ఆ రెండోసారికి మాత్రం ఈ కోత ఉండదు. మొదటిసారి రెండు రోజులు మాత్రం పోయినట్టే. నా కోపమంతా ఇక్కడే. మా తమ్ముడు బట్టల షాపులో చేస్తాడు. దుకాణాలకు 1988 చట్టం ఉంది, దాని ప్రకారం ఏడాదికి 12 రోజులు జబ్బు సెలవు జీతంతో ఇవ్వాలి. వాళ్ల సేటు ఇస్తాడా లేదా అన్నది వేరే సంగతి, రాసైతే ఉంది. నాకు అప్పుడు వర్తించిన 1948 ఫ్యాక్టరీల చట్టంలో 240 రోజులు చేస్తే 20 రోజులకొకటి చొప్పున జీతంతో సెలవు అని ఉండేది కానీ, జబ్బు సెలవని విడిగా లేదు. అందుకే మా లైన్‌లో ఆడవాళ్లు జ్వరమొస్తే గోలీ వేసుకుని డ్యూటీకి వస్తారు. ఒకటి రెండు రోజుల జ్వరానికి మానేస్తే ఎటునుంచీ పైసా రాదు కదా. మాస్కు కింద దగ్గుకుంటూ జనం వేసుకునే మందులు ప్యాక్ చేస్తాం. ఆ మొదటి రోజుల జీతం యజమానే ఇవ్వాలని చట్టంలో రాయాలి, కాంట్రాక్టు వాళ్లకు కూడా వర్తిస్తుందని పేరు పెట్టి మరీ రాయాలి. లేకపోతే మా సూపర్‌వైజర్ లాంటివాళ్లు ఏదో ఒక సందు వెతుక్కుంటారు.

కాంట్రాక్టు మీద చేసేవాళ్లు ఇవాళే ఈఎస్ఐసీ పోర్టల్‌లో మీ నంబరుతో లాగిన్ అయి ఏ నెల ఎన్ని రోజులకు కట్టారో చూసుకోండి. కాంట్రాక్టరు మారితే మొదటి రోజే పాత నంబరు కాగితం మీద రాసివ్వండి, ఫొటో తీసి పెట్టుకోండి. హెచ్ఆర్ మాటల్ని అస్సలు నమ్మకండి.

నిన్న మెసేజ్ చూశాక లాకర్ల దగ్గరే మా లైన్ వాళ్లం నా ఫోన్‌లో ఒక్కొక్కరి నంబరూ వెతికాం. ఏడుగురిలో నలుగురికి రెండేసి ఉన్నాయి. సోమవారం ఐదుగురం కలిసి ఆ మెట్లెక్కుతున్నాం.