చేతులు పొడుగైతే పాత రికర్వ్‌లో చూడాల్సింది చివరి రెండు అంగుళాలు

పాత రికర్వ్ విల్లు (కొసలు ముందుకి వంపు తిరిగినది) కొనబోతే, దాని మీద 45 పౌండ్లు, 28 అంగుళాలు అని రాసుంటుంది. ఆ 28 విల్లు సైజు కాదు, హద్దూ కాదు. నారిని అంతవరకు లాగితే 45 పౌండ్ల బలం పడుతుందని మాత్రమే దానర్థం. డ్రా, అంటే నారిని లాగే దూరం, 30, 31 అంగుళాలు ఉన్న మనిషికి కావాల్సింది ఆ తర్వాత సంగతి. అది విల్లు మీద ఎక్కడా రాసుండదు, కొలిచి తెలుసుకోవాల్సిందే.

విజయవాడలో విలువిద్య అనగానే జ్యోతి సురేఖ, కాంపౌండ్ విల్లు గుర్తొస్తాయి. కాంపౌండ్‌తో మొదలుపెట్టినవాళ్లు ఒక తేడా గుర్తుంచుకోవాలి. అందులో డ్రా ఎక్కడ ఆగాలో క్యామే (కొసల్లోని చక్రం) చూసుకుంటుంది, చివర్లో బరువు కూడా తగ్గుతుంది. రికర్వ్‌లో ఆపేది ఏదీ లేదు, లాగేకొద్దీ బరువు పెరుగుతూనే ఉంటుంది.

ముందు మీ డ్రా తేల్చుకోండి. రెండు చేతులూ బారచాపి, ఈ మధ్యవేలి కొస నుంచి ఆ మధ్యవేలి కొస దాకా టైలరు టేపుతో కొలిచి 2.5తో భాగించండి. బార 190 సెంటీమీటర్లుంటే 76 వస్తుంది, అంటే దాదాపు 30 అంగుళాలు. ఇది అంచనాయే. తేలికపాటి విల్లుని యాంకర్ (లాగిన చెయ్యి మొహం దగ్గర ఆగే చోటు) దాకా లాగి, పక్కవాళ్లచేత బాణం మీద గుర్తు పెట్టించుకుంటే అసలు కొలత తెలుస్తుంది. నాక్ గాడి (బాణం వెనక కొసన నారి పట్టే గాడి) నుంచి, గ్రిప్‌లో బాగా లోతుగా ఉన్న చోటుకి సూటిగా పైన ఉన్న గుర్తు దాకా కొలిచి, దానికి 1.75 అంగుళాలు కలపాలి. ఏఎంఓ (విల్లు తయారీదార్ల సంఘం) పద్ధతంటే ఇదే. చాలామంది బాణం పొడుగునే డ్రా అనుకుని మోసపోతారు.

పొడుగు సంగతికొస్తే, 58 అంగుళాల వేట విల్లు 28 దాకా, 60 అయితే 29 దాకా హాయిగా ఉంటుంది. డ్రా 30 ఉంటే 62 నుంచి 64, 31 దాటితే 66 ఆపైన చూడాలి. బేర్ కంపెనీ కోడియాక్ మ్యాగ్నమ్ 52 అంగుళాలే. ముద్దొచ్చే విల్లు, కానీ పొడుగు చేతులకి వద్దు. అదే కంపెనీ సూపర్ కోడియాక్ 60, టామర్లేన్ 66.

అయితే పొడుగొక్కటే చూసి కొనేస్తే పప్పులో కాలేసినట్టే. రెండు విల్లులూ 64 అంగుళాలే కావచ్చు, ఒకదాని రైజర్ (మధ్యలో పట్టుకునే గట్టి భాగం) పొడుగ్గా ఉంటే దాని లింబ్‌లు (పైనా కిందా ఉండే బద్దలు) పొట్టివవుతాయి. వంగేది లింబే. లాగుతున్నప్పుడు కొసల దగ్గరి వంపు కొంచెం కొంచెంగా విప్పుకుంటుంది. అది పూర్తిగా విప్పుకున్నాక, నారికీ లింబ్ కొసకీ మధ్య కోణం 90 డిగ్రీలకి దగ్గరవుతుంది. అక్కడి నుంచి లింబ్ వంగదు, మొండికేస్తుంది. దీన్నే స్టాకింగ్ అంటారు. నారి కోణం కూడా ఇరుకై వేళ్లని నొక్కేస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి బ్యాగులు తూచే డిజిటల్ స్కేలు చాలు. పొడవాటి బాణం మీద నాక్ గాడి నుంచి 24.25, 25.25, 26.25, 27.25, 28.25 దగ్గర గుర్తులు పెట్టండి. ఇవి 26 నుంచి 30 దాకా ఏఎంఓ అంగుళాలు. స్కేలు కొక్కెం నారికి తగిలించి, ఒకరు లాగుతుంటే ఇంకొకరు ప్రతి గుర్తు దగ్గరా బరువు రాసుకోవాలి. కిలో అంటే 2.2 పౌండ్లు. మంచి విల్లు 40, 42.5, 45, 47.5, 50 అని ఒకే మెట్టున ఎక్కుతుంది. 45 తర్వాత 49, 54 అని ఎగిరితే అది మీది కాదు, ఎంత చవగ్గా ఇచ్చినా సరే.

ఇంకో జాగ్రత్త. ఆ విల్లుని పాత యజమాని ఏళ్ల తరబడి 27 దాకే లాగి ఉండొచ్చు. మొదటిరోజే 30కి లాగకండి. అరంగుళం చొప్పున పెంచుతూ, ఒక్కో చోట పదిహేను ఇరవై సార్లు లాగండి. టిక్కుమని చప్పుడొస్తే అక్కడే ఆపేయండి.

దానికంటే ముందు విల్లు ఒళ్లంతా చూడాలి. లింబ్ అంచుల వెంట దూదిని నడిపితే, ఫైబర్‌గ్లాస్ లేచినచోట పోగు తగులుకుంటుంది. రైజర్‌లో లింబ్ కలిసేచోట పొరలు విడుతున్నాయేమో గోటితో చూడండి. పైపూత మీది సన్నగీతలకి భయం లేదు. గ్లాసులోనే అడ్డంగా చీలిక ఉంటే మాత్రం వదిలేయండి. నారి ఎక్కించాక పై కొస నుంచి కిందికి చూస్తే, అది రెండు కొసల గాడుల మధ్యలోంచే పోవాలి. పక్కకి పోతే లింబ్ మెలితిరిగినట్టు. గురిచూసే సైట్ కోసం రైజర్‌కి వేసిన రంధ్రాలు ధర తగ్గించుకోడానికి పనికొస్తాయి.

నారి డాక్రాన్‌దే (కాస్త సాగే దారం, బి-50 లాంటిది) వాడాలి. సాగని కొత్తరకం దారాల దెబ్బకి పాత విల్లు కొసలు విరుగుతాయి. విల్లు 66 అంగుళాలైతే నారి 62. బ్రేస్ హైట్ (నారికీ గ్రిప్‌కీ మధ్య దూరం) 8.25 అంగుళాల దగ్గర మొదలుపెట్టి, నారిని మెలిపెడుతూ చప్పుడు తగ్గేచోట నిలపండి. బాణం బరువు, లాగే ప్రతి పౌండుకీ 9 గ్రెయిన్లకి తగ్గకూడదు. 50 పౌండ్లు లాగేవాళ్లకి 450 గ్రెయిన్లు, దాదాపు 29 గ్రాములు.

మన ఎండలకి పాత జిగురు తట్టుకోదు. మే నెలలో తలుపులేసిన కారులో విల్లుని గంటసేపు వదిలినా పొరలు విడొచ్చు. నారి ఎక్కించేటప్పుడు అందుకని ఉండే స్ట్రింగర్ తాడే వాడండి, కాలికింద తొక్కిపెట్టి ఎక్కిస్తే లింబ్ మెలితిరుగుతుంది. పని అయ్యాక నారి దింపి, రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి. గోడకి ఆనించి నిలబెట్టొద్దు.