ఇంట్లో ఏఎఫ్‌ఎస్: వాల్యూమ్ ఎక్కడుందో వెతికిన నాలుగు వారాలు

జూన్ 7, శనివారం

ఇంట్లో నడుపుతున్న ఏఎఫ్‌ఎస్ (ఆండ్రూ ఫైల్ సిస్టమ్, చాలా మెషిన్లలోని ఫైళ్లను ఒకే ట్రీగా చూపించే నెట్‌వర్క్ ఫైల్ వ్యవస్థ) సెల్‌కి, అంటే ఒకే నిర్వహణ కింద ఉన్న సర్వర్ల గుంపుకి, ఈ వారంతో మూడు నెలలు నిండాయి. ఉన్నవి రెండు పాత డెస్క్‌టాప్‌లు. రెండింటిలోనూ డెబియన్ లినక్స్, దాని మీద ఏఎఫ్‌ఎస్ ఓపెన్ సోర్స్ రూపమైన ఓపెన్‌ఏఎఫ్‌ఎస్. ఒకదానికి గోదావరి, రెండోదానికి కృష్ణ అని పేరు పెట్టాను. గోదావరి చిరునామా 192.168.1.11, కృష్ణది 192.168.1.12. ఏ వాల్యూమ్ (ఒకచోట కట్టిన ఫైళ్ల మూట) ఎక్కడుందో రాసుకునే వాల్యూమ్ లొకేషన్ డేటాబేస్, అంటే వీఎల్‌డీబీ, ప్రస్తుతానికి గోదావరిలో మాత్రమే ఉంది. మొత్తం 11 వాల్యూమ్‌లు. ఇంట్లో అందరికీ తలా ఒకటి, స్కాన్ చేసిన ఫోటోలకు ఒకటి, పాటలకు ఒకటి, మిగతావి నా ప్రయోగాలకు.

ఇన్నాళ్లూ ఇన్‌స్టాల్ చేయడం, లాగిన్‌లను చూసుకునే కెర్బెరోస్ సరిచేయడంతోనే సరిపోయింది. ఇక నుంచి ఒక్క ప్రశ్న మీద కూర్చుంటాను. నేను ఒక ఫైల్ తెరిస్తే, అది ఏ మెషిన్‌లో, ఏ పార్టిషన్‌లో ఉందో క్లయింట్‌కి ఎలా తెలుస్తోంది?

ఏఎఫ్‌ఎస్‌లో నన్ను కట్టిపడేసింది ఇదే. పాత్‌లో సర్వర్ పేరు ఎక్కడా ఉండదు. 1980ల్లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు ఆండ్రూ ప్రాజెక్టులో దీన్ని కట్టింది క్యాంపస్ మొత్తానికి ఒకే ఫైల్ ట్రీ కనిపించాలని. 2000లో ఐబీఎం సోర్స్ కోడ్ బయట పెట్టబట్టి, అదే సాఫ్ట్‌వేర్‌ని ఈరోజు మా హాల్లో టీవీ కింద నడుపుకోగలుగుతున్నాను.

జూన్ 8, ఆదివారం

పొద్దున్నే ఫోటోల ఫోల్డర్ మీద ఎఫ్‌ఎస్ ఎల్‌ఎస్‌మౌంట్ అనే కమాండ్ కొట్టాను. ఇది ఫలానా వాల్యూమ్‌కి మౌంట్ పాయింట్ అని, పేరు ముందు హ్యాష్ గుర్తుతో చూపించింది. మౌంట్ పాయింట్‌లో, అంటే ఫైల్ ట్రీలో వాల్యూమ్ అతికే చోట, ఉండేది పేరు మాత్రమే, చిరునామా కాదు. క్లయింట్ ఆ పేరు పట్టుకుని, వీఎల్‌డీబీని నడిపే వీఎల్ సర్వర్ దగ్గరికి యూడీపీ పోర్టు 7003లో వెళ్లి అడుగుతుంది. దొరికిన జవాబుతో ఫైల్ సర్వర్ దగ్గరికి పోర్టు 7000లో వెళ్తుంది. ఫైర్‌వాల్‌లో ఈ రెండూ తెరవాలి. క్లయింట్ వైపు 7001 కూడా తెరిచి ఉండాలి, లేకపోతే ఫైల్ మారిందన్న కబురు సర్వర్ నుంచి రాదు.

ఇక వీఎల్‌డీబీలో ఒక్కో వాల్యూమ్‌కి ఉండే రికార్డు సంగతి. సోర్స్‌లో స్ట్రక్చర్ తీసి ఫీల్డులు కూడితే ఒక్కో రికార్డు 148 బైట్లు. అందులో మూడు వాల్యూమ్ నంబర్లు ఉంటాయి: రీడ్‌రైట్‌ది (రాయగల అసలుది), రీడ్‌ఓన్లీది (చదవడానికి మాత్రమే ఉన్న కాపీ), బ్యాకప్‌ది. పేరు, లాక్ వివరాలు, గరిష్ఠంగా 13 సైట్లు (వాల్యూమ్ ఉండే చోట్లు) కూడా అక్కడే. పేరుతో వెతకడానికి ఒక హ్యాష్ టేబుల్, మూడు రకాల నంబర్లకి మూడు టేబుళ్లు, ఒక్కోదానిలో 8191 గళ్లు. అందుకే పేరు ఇచ్చినా, నంబర్ ఇచ్చినా ఒకే రికార్డు వస్తుంది. నా మొదటి వాల్యూమ్ నంబర్ 536870912. అది 2కి 29వ ఘాతం అని లెక్క చూసి తెలుసుకున్నాను.

పేరు పెట్టేటప్పుడు 22 అక్షరాలు దాటకూడదు. డిస్క్ మీద పేరుకి 31 అక్షరాలే చోటు, చివర డాట్ రీడ్‌ఓన్లీ అని 9 అక్షరాలు అతకాలి. మిగిలేది 22.

జూన్ 14, శనివారం

ఈరోజు పెద్ద పాఠం. పాటల వాల్యూమ్ ఇక అక్కర్లేదనుకుని వోస్ (వాల్యూమ్‌లని నిర్వహించే కమాండ్) డెల్‌ఎంట్రీ కొట్టాను. వీఎల్‌డీబీ రికార్డులు చూపే వోస్ లిస్ట్‌వీఎల్‌డీబీలో 11 ఎంట్రీలు కాస్తా 10 అయ్యాయి. అయినా ఆ ఫోల్డర్ తెరిస్తే పాటలు వస్తూనే ఉన్నాయి. క్లయింట్ తన దగ్గర దాచుకున్న లొకేషన్‌తోనే పని కానిస్తోంది. ఎఫ్‌ఎస్ చెక్‌వాల్యూమ్స్ కొట్టి ఆ పాత జ్ఞాపకం తీసేయించగానే, అలాంటి డివైస్ లేదని వచ్చింది. నేను కొట్టకపోయినా గంటలోపు అదే జరిగేది.

ఆ తర్వాత గోదావరిలో వోస్ లిస్ట్‌వాల్ చూశాను. వాల్యూమ్ వైస్‌పీఏ పార్టిషన్‌లో నిక్షేపంగా ఉంది. డెల్‌ఎంట్రీ తీసేసింది రికార్డుని మాత్రమే. డేటాతో సహా పోవాలంటే వోస్ రిమూవ్ వాడాలి.

మా ఊళ్లో పొలం గొడవ వస్తే పెద్దవాళ్లు అడిగే మొదటి మాట, అడంగల్‌లో ఏముంది, గట్టు మీద ఎవరున్నారు అని. ఇక్కడా అంతే. లిస్ట్‌వీఎల్‌డీబీ అడంగల్ చూడటం. లిస్ట్‌వాల్ పొలానికి వెళ్లి చూడటం. వోస్ ఎగ్జామిన్ రెండూ చూసి పక్కపక్కన పెడుతుంది: పైన డిస్క్ మీద ఉన్న స్థితి, కింద రికార్డు చెప్పే సైట్లు. నేనిప్పుడు ఏ సమస్యకైనా ముందు ఎగ్జామిన్ కొడుతున్నాను. రికార్డు చూడటానికి అడ్మిన్ టోకెన్ కూడా అక్కర్లేదు.

పోయిన రికార్డు తిరిగి రాయించడానికి వోస్ సింక్‌వీఎల్‌డీబీ ఉంది. అది డిస్క్ చూసి రికార్డు రాస్తుంది. వోస్ సింక్‌సర్వ్ రికార్డు పట్టుకుని డిస్క్‌కి వెళ్లి, అక్కడ వాల్యూమ్ లేకపోతే ఆ ఎంట్రీని సరిచేస్తుంది. మొదట సింక్‌వీఎల్‌డీబీ, తర్వాతే సింక్‌సర్వ్. రెండింటికీ డ్రైరన్ ఆప్షన్ ఉంది, అది లేకుండా నేరుగా కొట్టకండి. నాకు ఒక్క ఎంట్రీ తిరిగొచ్చింది. మళ్లీ 11.

జూన్ 15, ఆదివారం

వేరే ప్రయోగం కోసం గోదావరిలో డాకర్ (ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి మెషిన్ రీస్టార్ట్ చేశాను. సాయంత్రం చెల్లి పిలిచింది, "అన్నయ్యా, ఫోటోలు తెరుచుకోవట్లేదు, అలా తిరుగుతూనే ఉంది" అని. విచిత్రం ఏమిటంటే నా పాత ల్యాప్‌టాప్‌లో అన్నీ బాగానే వస్తున్నాయి. చెల్లి ల్యాప్‌టాప్‌లో మాత్రం గోదావరి మీద ఉన్న ఏ వాల్యూమ్ తెరిచినా చాలాసేపు ఆగిపోతోంది.

జూన్ 18, బుధవారం

మూడు రాత్రులు పట్టింది. వోస్ లిస్ట్‌అడ్రెస్ కొట్టినప్పుడు దొరికింది. గోదావరికి రెండు చిరునామాలు: 192.168.1.11, దాని పక్కనే 172.17.0.1. రెండోది డాకర్ తనకు తాను కట్టుకున్న వంతెన చిరునామా. ఫైల్ సర్వర్ లేవగానే తన మెషిన్‌లో కనిపించిన చిరునామాలన్నీ వీఎల్ సర్వర్ దగ్గర నమోదు చేసుకుంటుంది. దానికి మంచీ చెడూ తెలియదు.

చెల్లి ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఎందుకు? తన చదువు కోసం అందులోనూ డాకర్ ఉంది. అంటే ఆ ల్యాప్‌టాప్‌కి కూడా 172.17.0.1 అనే సొంత చిరునామా ఉంది. ఎఫ్‌ఎస్ గెట్‌సర్వర్‌ప్రెఫ్స్ చూస్తే అసలు విషయం బయటపడింది. క్లయింట్ ఒక్కో సర్వర్ చిరునామాకి ర్యాంకు ఇస్తుంది, అంకె ఎంత తక్కువైతే అంత ఇష్టం. ఒకే సబ్‌నెట్‌లో ఉంటే 20,000 దగ్గర. సర్వర్ చిరునామా తన సొంత చిరునామాతో కలిస్తే, సర్వర్ ఈ మెషిన్‌లోనే ఉందనుకుని 5,000 దగ్గర. అందుకే అది ముందు తన తలుపే తట్టుకుంటోంది. లోపల ఎవరూ లేరు. టైమవుట్ అయ్యాక గానీ 192.168.1.11 గుర్తుకు రావడం లేదు.

ఒక్క తప్పు చిరునామాతో గోదావరి వాల్యూమ్‌లన్నీ ఒకేసారి ఎందుకు చిక్కుకున్నాయో కూడా ఇప్పుడు అర్థమైంది. వాల్యూమ్ రికార్డులో ఐపీ చిరునామా ఉండదు. సర్వర్‌కి ఒక్క బైట్ నంబర్ మాత్రమే ఉంటుంది. ఆ నంబర్ పట్టుకుని డేటాబేస్ హెడర్‌లోని సర్వర్ల పట్టిక చూడాలి. ఆ పట్టికలో ఒక్కో సర్వర్ యూయూఐడీ (ప్రతి సర్వర్‌కీ విడిగా ఉండే గుర్తింపు), దాని చిరునామాలు ఉంటాయి, ఎక్కువలో ఎక్కువ 15. పట్టికలో ఒక వరస చెడితే ఆ సర్వర్ వాల్యూమ్‌లన్నిటికీ చెడినట్టే. బాగుచేసినా ఒక్కసారే అన్నీ బాగవుతాయి. ఇంత పొదుపుగా ఆలోచించినవాళ్లంటే నాకు నిజంగా గౌరవం కలిగింది.

మందు చిన్నదే. డెబియన్‌లో వార్ లిబ్ ఓపెన్‌ఏఎఫ్‌ఎస్ కింద లోకల్ అనే డైరెక్టరీలో నమోదు చేయకూడని చిరునామాల కోసం నెట్‌రిస్ట్రిక్ట్ అని ఒక ఫైల్ పెట్టి, అందులో 172.17.0.1 అని ఒక్క లైను రాశాను. ఫైల్ సర్వర్ రీస్టార్ట్ చేశాక లిస్ట్‌అడ్రెస్‌లో ఒకే చిరునామా మిగిలింది. చెల్లి ల్యాప్‌టాప్‌ని కూడా ఒకసారి రీబూట్ చేశాం. ఫోటోలు వెంటనే తెరుచుకున్నాయి.

అదే డైరెక్టరీలో సిస్‌ఐడీ అనే ఫైల్ ఉంటుంది, సర్వర్ యూయూఐడీ అందులోదే. మెషిన్ డిస్క్‌ని క్లోన్ చేసి రెండో సర్వర్ తయారు చేసుకునేవాళ్లు, కొత్తదానిలో ఈ ఫైల్ తీసేసి గానీ ఫైల్ సర్వర్ మొదలుపెట్టకండి. ఉంచేస్తే రెండు మెషిన్లూ ఒకే గుర్తింపుతో పట్టికలోకి ఎక్కుతాయి.

జూన్ 22, ఆదివారం

ఫోటోల వాల్యూమ్‌కి కృష్ణలో రీడ్‌ఓన్లీ కాపీ పెడదామని కాపీ చోటు నమోదు చేసే వోస్ యాడ్‌సైట్, తర్వాత కాపీని అక్కడికి పంపే వోస్ రిలీజ్ కొట్టాను. సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ లేదు, రెండు మెషిన్లూ ఆగిపోయాయి. కరెంటు వచ్చాక మళ్లీ రిలీజ్ కొడితే, ఎంట్రీ ఇప్పటికే లాక్ అయి ఉందని ఆపేసింది. ఎగ్జామిన్ కూడా అదే చెప్పింది, రిలీజ్ పని కోసం లాక్ చేశారని. లాక్ వేసిన ప్రాసెస్ పోయినా, లాక్ రికార్డులో రాసి ఉంది కాబట్టి అది రీబూట్‌తో పోదు.

వెంటనే వోస్ అన్‌లాక్ కొట్టేయాలనిపిస్తుంది. ముందు రెండు సర్వర్ల మీదా వోస్ స్టేటస్ చూడండి. నడుస్తున్న ట్రాన్సాక్షన్లు లేవని రెండూ చెప్పాకే అన్‌లాక్ చేశాను. మళ్లీ రిలీజ్ చేస్తే పూర్తయింది. లాక్ అయినవన్నీ ఒకేసారి చూడాలంటే లిస్ట్‌వీఎల్‌డీబీకి లాక్డ్ అనే ఆప్షన్ ఇస్తే చాలు.

జూన్ 28, శనివారం

కృష్ణని రెండో డేటాబేస్ సర్వర్‌గా కలిపాను. రెండు సర్వర్లలోనూ సెల్‌సర్వ్‌డీబీ (డేటాబేస్ సర్వర్ల జాబితా ఉండే ఫైల్) మార్చి, రీస్టార్ట్ చేసి, పోర్టు 7003 మీద డేటాబేస్ స్థితి చూపే యూడీబగ్‌తో చూస్తూ కూర్చున్నాను. నిమిషం దాటాక గోదావరి సింక్ సైట్ (రాతలు తీసుకునే ముఖ్య సర్వర్) అయింది, రికవరీ స్టేట్ 1ఎఫ్ అని కనిపించింది. అంటే కాపీ రెండు చోట్లా తాజాగా ఉంది. సింక్ సైట్‌ని సర్వర్లు ఓట్లతో ఎన్నుకుంటాయి. గడియారాలు తేడాగా ఉంటే ఓటింగ్ కుదరదు కాబట్టి సమయం సరిచూసే క్రోనీ ముందే పెట్టుకున్నాను.

కృష్ణని ఆపితే ఏమీ కాలేదు. గోదావరిని ఆపితే మాత్రం, కృష్ణలో వెతకడం నడిచింది గానీ కొత్త వాల్యూమ్ సృష్టించబోతే కోరం (చాలినన్ని ఓట్లు) లేదని తిప్పి పంపింది. రెండే సర్వర్లు ఉన్నప్పుడు తక్కువ ఐపీ చిరునామా ఉన్నదానికి ఓటులో మొగ్గు ఉంటుంది. మొగ్గు లేనిది ఒంటరిగా సింక్ సైట్ కాలేదు. రాతలు ఆగకూడదంటే మూడోది కావాలి. అల్మారాలో ఒక రాస్ప్‌బెర్రీ పై ఖాళీగా ఉంది. దానికి తుంగభద్ర అని పేరు, 192.168.1.13 చిరునామా రాసి పెట్టుకున్నాను. వచ్చే శనివారం ఫైల్ సర్వర్ లేకుండా, డేటాబేస్ సర్వర్లు మాత్రమే అందులో ఎక్కిస్తాను.