గట్టి పరుపు నాకు పడలేదు

సంక్రాంతికి వారం ముందు స్కూటీ మీంచి పాతిక కిలోల బియ్యం బస్తా దించుతుంటే నడుంలో కలుక్కుమంది. అంతకుముందు ఎన్నోసార్లు దించిన బస్తానే. ఆ రోజు తొందరలో నడుం వంచి, పక్కకు తిరుగుతూ దించాను. సాయంత్రం పెద్దగా ఏమీ అనిపించలేదు, అరిసెలకు పిండి కూడా జల్లించాను. తెల్లారి మంచం దిగబోతే ఎడమ కాలు నేల మీద మోపలేకపోయాను. పిర్రలో మొదలైన నొప్పి తొడ పక్కగా, పిక్క బయటివైపుగా దిగి కాలి బొటనవేలి దాకా జివ్వున లాగింది. తుమ్ము వస్తుందంటేనే భయం వేసేది.

మాది ఖమ్మం. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. రోజుకు ఐదు పీరియడ్లు నిలబడి చెప్పే మనిషిని, ఐదు నిమిషాలు నిలబడలేని స్థితికి వచ్చాను.

ఆర్థో డాక్టర్ గారు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఎడమ కాలు మెల్లగా పైకి లేపారు. సగం కూడా లేవకుండానే కేక పెట్టాను. ఎమ్మారైలో నడుం కింది భాగంలో ఎల్4, ఎల్5 అనే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఉబ్బి నరాన్ని నొక్కుతోందని తేలింది. ఆపరేషన్ అవసరం లేదనీ, చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో దానంతట అదే తగ్గుముఖం పడుతుందనీ చెప్పారు. ఇంకో మాట రెండుసార్లు చెప్పారు. నడుం నొప్పి ఉన్నవాళ్ళందరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట కాబట్టి నేనూ ఇక్కడ రాస్తున్నాను: మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

పడక గురించి ఆయన అన్నది ఒక్కటే. "మరీ మెత్తటి పరుపు వద్దమ్మా."

ఆ మాట ఇంటికి వచ్చేసరికి మారిపోయింది. మా అత్తయ్య "డాక్టరు నేల మీద పడుకోమన్నాడంట" అని పక్కింటావిడకు చెప్పారు. ఆవిడ "చెక్క బల్ల ఇంకా మంచిది" అన్నారు. స్టాఫ్‌రూమ్ నుంచి ఫోన్ చేసినవాళ్ళందరిదీ అదే మాట: దిండు తీసెయ్, చాప వేసుకో, నడుం దానంతట అదే సర్దుకుంటుంది. అందరూ నా మంచి కోరి చెప్పినవాళ్ళే. వెనకటి తరంలో చాలామంది నడుం నొప్పికి చేసుకున్న వైద్యం అదే. నేనూ నమ్మాను.

జనవరి చలిలో, నాపరాళ్ళ మీద చాప, దాని మీద ఒక దుప్పటి. నాకు చిన్నప్పటినుంచీ కుడివైపు తిరిగి, మోకాళ్ళు కొంచెం ముడుచుకుని పడుకోవడం అలవాటు. వెల్లకిలా పడుకుంటే నిద్ర రాదు. రాత్రి రెండయ్యేసరికి కుడి భుజం మొద్దుబారేది, తొంటి ఎముక దగ్గర నిప్పు పెట్టినట్టు మండేది. ఒత్తిగిలితే ఎడమ కాలిలో నరం లాగేది. ఇటు తిరగలేక, అటు తిరగలేక, గోడ గడియారం చప్పుడు వింటూ పడుకునేదాన్ని. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖం ఎరగదు అంటారు. ఒళ్ళు బాగున్నవాళ్ళ మాట అది. నాకు ఆ రెండు వారాల్లో ఒక్క రాత్రి కూడా మూడు గంటలకు మించి నిద్ర పట్టలేదు. తెల్లవారి నేల మీంచి లేవాలంటే ముందు బోర్లా తిరిగి, మోకాళ్ళ మీద పాకుతూ బీరువా దాకా వెళ్ళి, దాని పిడి పట్టుకుని లేచేదాన్ని. నొప్పి తగ్గకపోగా, నిద్రలేమితో పిల్లల మీద, ఆయన మీద విసుక్కోవడం ఎక్కువైంది.

నేల పడటం లేదని మా ఆయన కొట్టుకు వెళ్ళి 'ఆర్థోపెడిక్' అని రాసి ఉన్న సింగిల్ పరుపు తెచ్చి ముందుగదిలో దివాన్ మీద వేశారు. లోపల కొబ్బరి పీచు, పైన నొక్కి బిగించిన ఫోమ్, ఐదంగుళాల మందం. పిడికిలితో గుద్దితే చెక్కలా చప్పుడు చేసేది. ఆ మాట చూసి అదేదో డాక్టర్లు ఖాయం చేసిన పరుపు అనుకున్నాం. అది పరుపులు చేసేవాళ్ళు పెట్టుకున్న పేరు. దాని వల్ల నాకు జరిగిన మేలు ఒక్కటే, పొద్దున్నే పాకే బాధ తప్పింది. భుజం, తొంటి మాత్రం అలాగే ఉన్నాయి.

ఐదో వారంలో ఫిజియోథెరపీకి వెళ్ళాను. ఆ అమ్మాయికి ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. మొదటి రోజే అడిగింది.

"మేడమ్, ఎలా పడుకుంటున్నారు?"

"గట్టి పరుపు మీదేనమ్మా."

"పరుపు కాదు మేడమ్, మీరు. వెల్లకిలానా, పక్కకు తిరిగా, బోర్లానా?"

అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. పక్కకు తిరిగి అన్నాను. కాగితం మీద గీసి చూపించింది. పక్కకు పడుకున్నప్పుడు ఒంట్లో బయటికి పొడుచుకొచ్చేవి రెండు, భుజం, తొంటి. మధ్యలో నడుం దగ్గర గుంట. పడక బల్లలా ఉంటే బరువంతా ఆ రెండు చోట్లే పడుతుంది, కింద ఆనుకోవడానికి ఏమీ లేక నడుం వేలాడుతుంది, వెన్ను ఉయ్యాలలా కిందికి వంగుతుంది. మరీ మెత్తగా ఉంటే తొంటి కూరుకుపోయి మరోలా వంగుతుంది. భుజం, తొంటి దిగేంత మెత్తన, నడుం ఆనేంత గట్టిదనం ఉండాలి. వెల్లకిలా పడుకునేవాళ్ళకు బరువు వీపంతా పరుచుకుంటుంది కాబట్టి ఇంకాస్త గట్టిగా ఉన్నా ఫరవాలేదు. బోర్లా పడుకునేవాళ్ళకు పొట్ట కిందికి దిగి నడుం వెనక్కి విరుగుతుంది, వాళ్ళకు గట్టిదే నయం. పొట్ట కింద పల్చటి దిండు కూడా కావాలి.

ఇంటికొచ్చి చెప్తే మా పెద్దమ్మాయి, ఇంటర్ చదువుతోంది, "చూద్దాం ఉండమ్మా" అని నా బొట్టుబిళ్ళల అట్ట తెచ్చింది. మెడ కింది ఎముక నుంచి నడుం కింద దాకా వెన్ను వెంట ఒక్కొక్క ఎముకా తడిమి ఎనిమిది ఎర్ర బిళ్ళలు అతికించింది. నేను ఆ గట్టి పరుపు మీద ఎప్పటిలా కుడివైపు తిరిగి పడుకున్నాను. వెనకనుంచి ఫోన్‌లో ఫొటో తీసి చూపించింది. మెడ దగ్గర మొదలైన చుక్కల వరుస నడుం దగ్గరికి వచ్చేసరికి పరుపు వైపు జారి, మళ్ళీ పైకి లేచింది. ముప్ఫై ఏళ్ళుగా బోర్డు మీద గ్రాఫులు గీస్తున్నదాన్ని, నా వెన్నెముక గ్రాఫు చూడటం అదే మొదలు. నెల రోజులుగా రాత్రంతా దాన్ని అలా వంచి పెడుతున్నానా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అటక మీద అత్తయ్య పాత చీరలతో కుట్టిన బొంతలు ఉన్నాయి. అమ్మాయి ఒకటి దించి పరుపు మీద వేసింది, ఫొటో. రెండోది వేసింది, ఫొటో. మూడు వేశాక చుక్కలు దాదాపు తిన్నగా వచ్చాయి. నాలుగోది వేస్తే తొంటి వైపు దిగడం మొదలైంది. మూడు దగ్గర ఆగాం. మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టుకోమని ఫిజియో చెప్పింది, పై కాలు ముందుకు జారి నడుం మెలిపడకుండా. తల కింద దిండు కూడా భుజం వెడల్పును నింపేంత ఎత్తు ఉండాలట. నేనేమో దిండు తీసేసి పడుకుంటున్నాను.

ఆ రాత్రి ఐదు గంటలు నిద్రపోయాను. పాలవాడి బెల్లుకు మెలకువ వచ్చింది. ఆయన తలుపు తీసి వచ్చి నా మొహం చూసి ఏమీ అనకుండా కాఫీ పెట్టారు.

మధ్యరకం గట్టిదనం గురించి పెద్ద పరిశోధనే జరిగిందని ఫిజియో తర్వాత చెప్పింది. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. స్పెయిన్‌లో చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందిని తీసుకుని, కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యరకం గట్టివి ఇచ్చి 90 రోజులు చూశారు. 1 అంటే అన్నిటికన్నా గట్టిది, 10 అంటే అన్నిటికన్నా మెత్తనిది అనుకుంటే, గట్టివి 2.3, మధ్యరకానివి 5.6. మధ్యరకం వచ్చినవాళ్ళకే పక్క మీద ఉన్నప్పుడు, లేచేటప్పుడు నొప్పి ఎక్కువగా తగ్గింది. వాళ్ళు మామూలు నడుం నొప్పి ఉన్నవాళ్ళు, నాలా డిస్కు ఉబ్బి కాలిలోకి నొప్పి దిగినవాళ్ళ మీద చేసిన పరిశోధన కాదు. అయినా "గట్టిదైతే చాలు" అన్న మాట మీద నాకున్న నమ్మకం పోవడానికి అది సరిపోయింది.

కొన్నాళ్ళకు బొంతలు అణిగిపోయి ఉండలు కట్టాయి. వాటి బదులు ఏం వేయాలా అని మళ్ళీ కొట్టుకు వెళ్ళాం. ఈసారి అడగాల్సినవి తెలుసు. అక్కడ అందరూ 'డెన్సిటీ 40' అని గట్టిదనం కొలతలా చెప్తారు. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్నది. ఎన్నాళ్ళు మన్నుతుందో దాన్నిబట్టి కొంత తెలుస్తుంది గానీ, మెత్తనో గట్టో తెలియదు. ఒకే డెన్సిటీలో రెండూ చేస్తారు. మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి దిగుతుంది, వేడిని పట్టి ఉంచుతుంది. మా ఊరి మే నెల ఎండలు తలుచుకుని వద్దన్నాను. చివరికి ఆ గట్టి పరుపునే ఉంచుకుని, పైన వేసుకునే రెండంగుళాల లేటెక్స్ (రబ్బరు ఫోమ్) పొర తీసుకున్నాం. కొట్లో చేత్తో నొక్కి చూసి కొనకుండా, దిండు పెట్టించుకుని, కుడివైపు తిరిగి పావుగంట పడుకుని చూశాను. చుట్టూ జనం ఉన్నారు. మొహమాటపడితే ఎలా, ఏళ్ళ తరబడి దాని మీద పడుకోవాల్సిన ఒళ్ళు నాది.

వెల్లకిలా పడుకునేవాళ్ళు చూసుకోవడానికి ఫిజియో చెప్పిన పద్ధతి ఇంకా తేలిక. నడుం కింద గుంటలోకి అరచెయ్యి దూర్చాలి. చెయ్యి అటూ ఇటూ సులువుగా ఆడితే పరుపు మరీ గట్టిది. అసలు దూరకపోతే మరీ మెత్తనిది.

పరుపే నా డిస్కును నయం చేసిందని నేను అనను. దాన్ని తగ్గించింది కాలం, రోజూ నడక, ఫిజియో నేర్పిన వ్యాయామాలు. బోర్లా పడుకుని, చేతుల మీద ఛాతీ మెల్లగా పైకి లేపేది నాకు బాగా పనిచేసింది. అది వేస్తుంటే బొటనవేలి దాకా ఉన్న నొప్పి పిక్కకు, పిక్క నుంచి తొడకు, తొడ నుంచి నడుంలోకి వెనక్కి వచ్చింది. నొప్పి అలా వెనక్కి రావడం మంచి గుర్తట. కానీ రాత్రంతా మేలుకున్న మనిషికి పొద్దున వ్యాయామం చేసే ఓపిక ఎక్కడిది? నిద్ర వచ్చాకే నేను నడవగలిగాను.

లేవడం కూడా కొత్తగా నేర్చుకున్నాను. పక్కకు దొర్లి, కాళ్ళు మంచం కిందికి వదిలి, చేతుల మీద ఒత్తిడి పెట్టి లేవాలి. రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అందుకే పొద్దున మనం కాస్త పొడుగ్గా కూడా ఉంటామట. అందుకని లేచిన మొదటి గంటలో వంగే పనులు పెట్టుకోను. కళ్ళాపి ఆయన చల్లుతున్నారు, ముగ్గు చిన్నమ్మాయి వేస్తోంది.

నాలుగో నెలలో మళ్ళీ మా గదిలోకి వచ్చాను. ఆయన బరువు 84 కిలోలు, నాది 56. నా పక్క మీద పడుకుని చూసి "కూరుకుపోతున్నానే" అన్నారు. లేటెక్స్ తీసేసిన గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకుని హాయిగా ఉందన్నారు. అదే పరుపు, నాకు చెక్క, ఆయనకు సుఖం. అందుకని పెద్ద మంచం మీద ఇద్దరికీ విడివిడిగా రెండు సింగిల్ పరుపులు వేశాం. నా వైపు రెండంగుళాలు ఎత్తు. మధ్యలో ఆ మెట్టు మీద రాత్రిళ్ళు నా మోకాళ్ళ దిండు ఆనుకుని ఉంటుంది.

జూన్‌లో బడి తెరిచిన రోజు మూడు పీరియడ్లు చెప్పాను, మధ్యలో కుర్చీలో కూర్చుని. ఇప్పుడు ఐదూ చెప్తున్నాను. ఎడమ బొటనవేలి చివర కొంచెం తిమ్మిరి ఇంకా ఉంది, మెల్లగా పోతుందన్నారు. మొన్న దసరాకు అమ్మ వాళ్ళ ఊరు వెళ్తే ముందుగదిలో నా కోసం నులక మంచం వేసి ఉంది. మధ్యలో జోలెలా దిగింది. అమ్మకు నొచ్చకుండా చెప్పి, నేల మీద పక్క వేసుకుంటాను, బొంతలు ఉన్నాయా అని అడిగాను. "నేల మీదైతే గట్టిగా ఉంటది కదే, నీ నడుముకు మంచిదేగా" అంది. "మూడు కావాలమ్మా, ఒకదాని మీద ఒకటి" అన్నాను. అమ్మ పెట్టె తెరిచి వెతకడం మొదలుపెట్టింది.