తన పేరు తానే కుట్టుకున్న అమ్మాయి

బోస్టన్‌లో అబ్బాయి దగ్గరికి వచ్చినవాళ్ళని ఎవరో ఒకరు ప్లిమత్ తీసుకెళ్తారు. మమ్మల్నీ తీసుకెళ్ళారు. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చినవాళ్ళు తొలి అడుగు పెట్టారని చెప్పుకునే రాయి అక్కడ ఉంది. చుట్టూ స్తంభాల మండపం, కింద ఇసుకలో ఆ రాయి, దాని మీద చెక్కిన ఏడాది. చూడ్డానికి ఐదు నిమిషాలు చాలు. పార్కింగుకి కట్టిన డాలర్లు రూపాయల్లోకి మార్చుకునేసరికి నా ప్రాణం ఉసూరుమంది. పైగా మే నెలలో స్వెట్టరు, దాని మీద శాలువా! మా పేరుపాలెం బీచిలో ఈ రోజుల్లో ఇసుక మీద కాలు మోపలేం.

వాన మొదలైందని దగ్గర్లో ఉన్న పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియంలోకి వెళ్ళాం. 1824 నుంచీ ఉందట. కత్తులు, బైబిళ్ళు, కుర్చీలు, ఊయల. మావాడు మైల్స్ స్టాండిష్ కత్తి దగ్గర ఆగిపోయాడు. ఆ వలసకి సైన్యాధికారి ఆయన. నాకు కత్తుల మీద ఆసక్తి లేదు. అలా నడుస్తుంటే మసక వెలుతురులో, అద్దం వెనకాల, పొడుగ్గా సన్నగా ఒక గుడ్డ కనిపించింది.

ముందు అంచు అనుకున్నాను. దగ్గరికి వెళ్తే కుట్టు! లినెన్ గుడ్డ మీద పట్టుదారంతో వరస కింద వరస, ఒక వరసలో ఉన్న డిజైను ఇంకో వరసలో లేదు. ఆ కాలంలో ఆడపిల్లలు కుట్లు నేర్చుకుంటూ, నేర్చుకున్నవన్నీ ఒకే గుడ్డ మీద వేసి పెట్టుకునేవాళ్ళు. కావలసినప్పుడు విప్పి చూసుకోవడం, మళ్ళీ చుట్టి దాచుకోవడం. అమెరికాలో కుట్టినవాటిలో, తెలిసినంతవరకూ, ఇదే అన్నిటికన్నా పాతదట. కుట్టింది ఆ కత్తి మనిషి కూతురే. అడుగున అక్షరాలు కూడా ఉన్నాయి. నాకు కళ్ళు ఆనక మనవరాలిని పిలిచాను. దానికి తొమ్మిదేళ్ళు. అద్దానికి ముక్కు ఆనించి ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివింది. నా పేరు లోరా స్టాండిష్, ప్రభూ, నీ చిత్తం నెరవేర్చేలా నా మనసుకి దారి చూపించు, నా చేతులకి తగిన నేర్పు ఇవ్వు, ఆ నేర్పు నన్ను తలవంపులు లేని మంచితనానికి చేర్చాలి, మహిమంతా నీ పేరుకే ఇస్తాను అని.

దేవుడి కన్నా ముందు తన పేరు పెట్టుకుంది చూడండి. నా ఒళ్ళు జలదరించింది.

ఆ అమ్మాయి పెళ్ళి కాకుండానే పోయింది. 1656లో చనిపోయిన తండ్రి వీలునామాలో, నేను డక్స్‌బరీలో పోతే నన్ను నా కూతురు లోరాకీ, కోడలు మేరీకీ వీలైనంత దగ్గర్లో పాతిపెట్టండి అని రాయించుకున్నాడు. మావాడు అది చదివి చెప్పాక నేను వెనక్కి వెళ్ళి ఆ కత్తిని కూడా చూశాను.

"నానమ్మా, నువ్వు కూడా కుట్టేదానివి కదా, నీ పేరు ఎక్కడ కుట్టావ్?" అంది మనవరాలు.

ఎక్కడా కుట్టలేదు. మ్యాటీ గుడ్డ మీద పోగులు లెక్కబెట్టి క్రాస్ స్టిచ్‌లో రెండు చిలకలు, గులాబీలు, మధ్యలో ఇంగ్లీషులో 'వెల్కమ్' అని కుట్టాను. ఫ్రేము కట్టించి నరసాపురంలో మా హాల్లో పెట్టారు. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ అదే ఉండేది. మరి మా అమ్మ? మాది లేసుల ఊరు. 1844 ప్రాంతంలో స్కాట్లండు మిషనరీలు నేర్పిన పని, ఇంటింటా పాకింది. అమ్మ వంట ముగించి అరుగు మీద కూర్చుంటే చీకటి పడేదాకా వేళ్ళు ఆగేవి కావు. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లింది మళ్ళీ తూచి పట్టుకుపోయేవాడు. చేతిలో పెట్టేది చిల్లర. ఆ బల్లగుడ్డలు ఓడలెక్కి ఏ దేశం వెళ్ళాయో, ఎవరి భోజనాల బల్ల మీద పరుచుకున్నాయో! ఒక్కదాని మీద కూడా మా అమ్మ పేరు లేదు. ఇంట్లో ఒక్క ముక్క మిగల్లేదు.

ఆ తర్వాత ఓడ నమూనా చూశాం, ఏదో తిన్నాం, చాలా ఖరీదు. నాకేమీ ఎక్కలేదు.

వస్తూ వస్తూ క్విన్సీలో కారాపించి మ్యాటీ లాంటి గుడ్డ, దారం కొనిపించాను. ఆ రాత్రే మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని మా అమ్మ పేరు, సత్యవతి అని, గళ్ళ కాగితం మీద వేయబోయాను. కుదరదే! ఇంగ్లీషు అక్షరాలు నిలువు గీతలు, అడ్డ గీతలు. పోగులు లెక్కబెడితే వచ్చేస్తాయి. మన అక్షరాలు గుండ్రం. 'స' గడుల్లో పడేసరికి మెట్లు మెట్లుగా విరిగిపోయింది. మా వీధి అంతా 'వెల్కమ్' ఇంగ్లీషులోనే ఎందుకు కుట్టిందో నాకు అరవై రెండేళ్ళకి తెలిసింది.

గళ్ళ కాగితం పక్కన పెట్టేశాం. పెన్సిలుతో గుడ్డ మీదే రాసి కాడకుట్టు మొదలుపెట్టాం. కాడకుట్టు అయితే ఎటు వంపు తిరిగినా ఒప్పుకుంటుంది. 'స' నేను కుట్టాను. 'త్య' అది కుడతానంది. యావత్తు తోక దగ్గర దారం మూడుసార్లు ముడిపడింది, మూడుసార్లూ విప్పుకుంది. రేపు 'వ'.